చీటీగుడ్డ చెప్పే తేదీ

(పెడనలో అద్దకం పనివాళ్లు, కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. పొద్దున్నించీ బల్లల దగ్గర నిలబడి పనిచేసి, చేతుల రంగు కడుక్కుని నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీ ముందు అద్దకం గురించి మాట్లాడాలంటే నాకు టెన్షన్‌గానే ఉంది. మీ చేతికి తెలిసిన విషయం నాకు కంటికి మాత్రమే తెలుసు. అందుకని ఒక ఒప్పందం చేసుకుందాం. రంగు గురించి నేను తప్పు మాట్లాడితే మధ్యలోనే ఆపండి. మొహమాటపడొద్దు.

మొదట ఒక ప్రశ్న. మీ ఇళ్లలో బొంత ఉన్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, నేననుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నారు. ఇంకో ప్రశ్న. ఆ బొంత ఏ ఏడు కుట్టారో చెప్పగలిగినవాళ్లు? ఒక్కరే. ఆ అమ్మగారు. ఎలా చెప్పగలరమ్మా? "మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు మా అత్తగారు కుట్టారు" అంటున్నారు. చాలా బావుంది. కథ తెలిసిన మనిషి ఉన్నారు కాబట్టి చెప్పగలిగారు. అసలు కథ తెలిసిన మనిషే లేని బొంత ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. ఎవరిదో తెలీదు, ఏ ఊరిదో తెలీదు. అప్పుడు దాని వయసు ఎవర్ని అడుగుతారు?

అమెరికాలో అలాంటి బొంతలు వేలల్లో ఉన్నాయి. వాళ్లు క్విల్ట్ అంటారు. మన బొంతలో పాత చీరలు పొరలు పొరలుగా వేసి పరుగుకుట్టు వేస్తాం. వాళ్లది మూడు పొరలు. పైన అందంగా కూర్చిన గుడ్డ, మధ్యలో పల్చటి దూది పరుపు, కింద ఆస్తరు. ఈ మూడింటినీ కలిపి సన్నగా కుడతారు. నేను కొన్నేళ్లు నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే ఊళ్లో ఉన్నాను. అక్కడి విశ్వవిద్యాలయానికి 1997లో ఒక దంపతులు 900కు పైగా క్విల్ట్‌లు ఇచ్చేశారు. వాటితో మొదలైన సంగ్రహం ఇప్పుడు ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం అయింది. శనివారం వస్తే నేను అక్కడికే. మొదట్లో కుట్టు చూసేదాన్ని. ఎంత సన్నం, ఎంత వరస! తర్వాత తర్వాత కుట్టు వదిలేసి గుడ్డ చూడటం మొదలుపెట్టాను.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే. కుట్టు కన్నా ముందు గుడ్డ చూడండి. కుట్టే నమూనా అమ్మమ్మ నుంచి మనవరాలికి వందేళ్లయినా మారకుండా రావచ్చు. ఫలానా నక్షత్రం ఆకారం 1830లో కుట్టారు, 1930లోనూ కుట్టారు. అది చూసి తేదీ చెప్పలేం. అద్దకం గుడ్డ అలా కాదు. ఒక రంగు కనిపెట్టకముందే ఆ రంగు గుడ్డ ఎక్కడినుంచి వస్తుంది? రాదు కదా. ఒక బొంతలో యాభై రకాల ముక్కలు ఉన్నాయనుకోండి, వాటిలో అన్నిటికన్నా కొత్త గుడ్డ ఏదో వెతకాలి. బొంత దానికన్నా ముందు పుట్టి ఉండదు. మిగతా నలభైతొమ్మిది ఎంత పాతవైనా సరే.

సరే, ఆ అద్దకం గుడ్డ వాళ్లకెక్కడిది? ఇక్కడే మన ఊరు వస్తుంది.

చీటీగుడ్డ, అంటే పువ్వులు అద్దిన నూలు గుడ్డ, ఆ మాట మీకందరికీ తెలుసు. చీటీ లంగా, చీటీ రవిక అని మా అమ్మమ్మ అనేది. ఉత్తరాదివాళ్ల ఛీంట్, ఇంగ్లీషువాళ్ల చింట్స్, మన చీటీ, అన్నీ ఒక్క కుటుంబమే. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ల ఓడ మన పక్కనున్న బందరు వచ్చింది. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చారు. ఎందుకొచ్చారు? గుడ్డ కోసం. యూరప్‌లో అప్పటికి ఉన్నవి ఎక్కువగా ఉన్ని, నార, పట్టు. నూలు గుడ్డ మీద పువ్వు వేసి, ఉతికినా పోని ఎరుపు నిలబెట్టడం వాళ్లకు చేతకాదు. ఆ ఎరుపు మన కృష్ణ, పెన్న తీరాల్లో పండిన చిరివేరుది. గవ్వలూ నత్తగుల్లలూ కలిసిన ఇసకనేలలో, అంటే సున్నం ఉన్న నేలలో, ఆ వేరుకి రంగు ఎక్కువ ఊరేది.

మిగతా పని మీకు నేను చెప్పాలా? కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. పటిక అద్దినచోట ఎరుపు. ఇనుపముక్కలు, బెల్లం ఊరేసిన నీళ్లు అద్దినచోట నలుపు. రెండూ కలిపినచోట చాక్లెట్ రంగు. ఉడకేసేది మాత్రం ఒక్క కాగులోనే. ఒక్క కాగులోంచి ఇన్ని రంగులు లేస్తాయి. ఈ సంగతి చూసి యూరప్‌వాళ్లు నోరు తెరిచారు. వాళ్ల దగ్గర మంజిష్ఠ జాతి వేరు, మ్యాడర్, ఉంది. పని మాత్రం ఇక్కడ చూసి నేర్చుకున్నారు.

నేర్చుకునేలోపు ఏమైందో తెలుసా? మన గుడ్డని నిషేధించారు. ఫ్రాన్స్‌లో 1686 నుంచి 1759 వరకు, అంటే 73 ఏళ్లు, అద్దకం నూలు గుడ్డ తేవడమూ నేరం, చెయ్యడమూ నేరం. ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో ఇంకోటి. మొదటి చట్టం మన గుడ్డ దిగుమతి మీద, రెండోది దాదాపు ఏ అద్దకం నూలు గుడ్డయినా కట్టుకోవడం మీద. అది 1774 దాకా ఉంది. ఎందుకంత కోపం? అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు పని పోయిందని. వాళ్ల బాధ అబద్ధం కాదు. నేతగాడి కడుపు ఎక్కడైనా ఒకటే కదా.

కానీ ఆ చట్టంలో ఒక సందు ఉంది. లండన్‌లో దింపుకుని మళ్లీ బయటికి పంపేయడానికి అభ్యంతరం లేదు. అలా మన గుడ్డ అట్లాంటిక్ దాటి అమెరికాలోని ఇంగ్లీషు వలసలకు పోయింది. అక్కడి ధనవంతుల మంచాల మీద పరుచుకుంది. పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకీ వేరే పువ్వు, కింద గుట్టలు. మన కలంకారీ చెట్టే. వాళ్లు దాన్ని పాలంపోర్ అన్నారు. పలంగ్‌పోష్, అంటే మంచం మీది దుప్పటి, ఆ మాట వాళ్ల నోట్లో అలా తిరిగింది.

ఇదే ఓడల్లో ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని దాటేసి మాట్లాడటం నాకిష్టం లేదు. మన కోస్తాలో నేసిన నూలు బట్టలు పశ్చిమ ఆఫ్రికా తీరానికి పోయేవి. అక్కడ ఆ గుడ్డల్ని ఇచ్చి మనుషుల్ని కొనేవారు. నేసినవాళ్లకి ఆ సంగతి తెలిసే దారి లేదు. నాకు తెలిశాక మాత్రం పాత అద్దకం గుడ్డ ఏది చూసినా అది గుర్తు రాకుండా ఉండటం లేదు.

కత్తిరించిన పువ్వు

అమెరికాలో చీటీగుడ్డ చాలా ఖరీదు. చిరిగిందని పారేస్తారా? పారెయ్యరు. మంచంమీద దుప్పటి అంచులు పాడైతే, బాగున్న పువ్వుల్ని, పిట్టల్ని కత్తెరతో చుట్టూ కత్తిరించి, తెల్లగుడ్డ మీద పరిచి, అంచు మడిచి కుట్టేవారు. గజం చీటీగుడ్డ ఉంటే మంచం నిండా తోట వేసేయొచ్చు. మేరీల్యాండ్, వర్జీనియా, కరోలినాల్లో 1800కి అటూ ఇటూగా ఇలాంటివి చాలా కుట్టారు. దీనికి తర్వాత ఎవరో బ్రోడరీ పెర్స్ అని పేరు పెట్టారు. అంటే పర్షియా అల్లికపని. అది అల్లికా కాదు, పర్షియాదీ కాదు. మొదటి రోజుల్లో ఆ పువ్వులు చాలావరకు మనవి. తర్వాత ఇంగ్లండువి.

పిల్లలూ, ఇక్కడ ఒక పేరు గుర్తుపెట్టుకోండి. జాన్ హ్యూసన్. ఇంగ్లండులో అద్దకం నేర్చుకుని 1773లో ఫిలడెల్ఫియా చేరాడు. మరుసటి ఏడు అక్కడే అద్దకం కొట్టు పెట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడాడు కూడా. పూలకుండీ, చుట్టూ సీతాకోకచిలుకలు, పిట్టలు, ఇవన్నీ చెక్క అచ్చులతో వేశాడు. ఆ పూలకుండీని బొంత నడిమధ్యలో పెట్టి చుట్టూ చట్రాలు కుట్టుకునేవారు. కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

నాకు అతని అచ్చులకన్నా ఇష్టమైన సంగతి వేరే ఉంది. 1788 జులై 4న ఫిలడెల్ఫియాలో కొత్త రాజ్యాంగం ఆమోదం పొందిందని పెద్ద ఊరేగింపు చేశారు. ఒక్కో వృత్తివాళ్లకి ఒక్కో బండి. నూలు పనివాళ్ల బండి మీద హ్యూసన్ భార్యా, నలుగురు కూతుళ్లూ కూర్చుని, తాము తయారుచేసిన గుడ్డలే కట్టుకుని, చీటీగుడ్డ మీద కుంచెతో రంగు దిద్దుతూ ఊరంతా తిరిగారు. ఊరేగింపులో కూడా చెయ్యి ఆపలేదు! నీలిమందు గాలి తగిలితే మారిపోతుంది కదా, అచ్చుతో అద్దడం కష్టం. అందుకని అచ్చు పడ్డాక నీలాన్ని ఆడవాళ్లు చేత్తో దిద్దేవారు. మన దగ్గర కలం, వాళ్ల దగ్గర కుంచె. అచ్చు కొట్టినవాడి పేరు మ్యూజియం లేబుల్ మీద ఉంది. నీలం దిద్దిన ఆ నలుగురు కూతుళ్ల పేర్లు నేను ఏ లేబుల్ మీదా చూడలేదు.

ఈలోపు యంత్రాలు వచ్చాయి. 1752లో ఐర్లండులో ఫ్రాన్సిస్ నిక్సన్ రాగిరేకు మీద చెక్కి గుడ్డకి అద్దాడు. వెంట్రుకంత సన్నటి గీతలు, పెద్ద పెద్ద బొమ్మలు, సాధారణంగా ఒక్కటే రంగు. 1783లో థామస్ బెల్ రాగి రోలరుకి పేటెంటు తీసుకున్నాడు. దాంతో గుడ్డ పరుగెత్తింది. గుడ్డని చదవడానికి ఇది మంచి గుర్తు. రోలరు ఒక చుట్టు తిరగ్గానే అదే బొమ్మ మళ్లీ పడుతుంది. అందుకని రోలరు గుడ్డ మీద నమూనా దగ్గరదగ్గరగా తిరిగొస్తుంది. రాగిరేకు గుడ్డ మీద మళ్లీ అదే బొమ్మ కనిపించాలంటే గజం దూరం వెళ్లాలి. పాత బొంత చూసేటప్పుడు నేను ముందు చేత్తో జానలు కొలుస్తాను.

1820ల తర్వాత మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో మిల్లులు లేచాయి. గుడ్డ చవకైంది. చవకైంది అన్నాను. ఎవరి చెమటతో చవకైంది? 1793లో పత్తిగింజ తీసే యంత్రం వచ్చాక దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి తోటలు విపరీతంగా పెరిగాయి. 1860 నాటికి అక్కడ దాదాపు 40 లక్షలమంది బానిసలు. వాళ్లు ఏరిన పత్తే ఉత్తరాది మిల్లుల్లో చీటీగుడ్డ అయింది. బుజ్జి బుజ్జి పువ్వుల ఆ గుడ్డ చూస్తే ముద్దొస్తుంది. దాని పుట్టుక మాత్రం ముద్దుగా లేదు.

ఒక మాట చాలామంది నాతో అంటారు. "పాపం, పాతకాలంవాళ్లు గుడ్డ లేక పీలికలు ఏరుకుని కుట్టుకున్నారు" అని. నేను ఒప్పుకోను. గుడ్డ నిజంగా కరువైన రోజుల్లో కుట్టి, మనదాకా మిగిలిన బొంతలు చూడండి. చాలావరకు నిండు గుడ్డవే, కలిగినవాళ్ల ఇళ్లవే. చిన్న చిన్న ముక్కల బొంతలు ఊరూరా వెల్లువెత్తింది మిల్లుగుడ్డ చవకైన తర్వాత, 1840ల నుంచి. ఒక పువ్వు ఎరుపు, పక్కన ఇంకో ఎరుపు, దాని పక్కన గులాబి, ఇలా ఏరుకుని ఆడుకునేంత గుడ్డ చేతిలో ఉండాలి కదా. పేదరికంలో కుట్టిన గొప్ప బొంతలు లేవని కాదు. అన్నిటికీ ఆ ఒక్క కారణమే అంటే, కుట్టినావిడ ఇష్టం, ఎంపిక ఏమైపోయినట్టు?

రంగు అబద్ధమాడదు

ఇప్పుడు నా సొంత అనుభవం. లింకన్‌లో ఉన్నప్పుడు ఒక పాతసామాన్ల కొట్లో ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు బొంత ఒకటి కొన్నాను. దానికి కట్టిన లేబుల్ మీద 1850 అని రాసుంది. ఆ కాలంలో ఎరుపు ఆకుపచ్చ బొంతలు నిజంగానే చాలా కుట్టారు, నమ్మేశాను. ఇంటికొచ్చి తొట్టిలో చల్లనీళ్లు పోసి ముంచాను. పది నిమిషాలు కాలేదు, నీళ్లు ఎర్రబడ్డాయి. తెల్లగుడ్డంతా గులాబి అయిపోయింది. ఆ రాత్రి ఏడ్చానండి. ఎవరో ఒకావిడ నెలల తరబడి కుట్టింది, నేను పది నిమిషాల్లో పాడుచేశాను.

పాడైన తర్వాత ఆలోచన మొదలైంది. 1850 నాటి ఎరుపు అయితే అది టర్కీ ఎరుపు అయి ఉండాలి. టర్కీ ఎరుపు అంటే నూనెలో నానబెట్టి, పటిక పట్టించి, మ్యాడర్‌లో ఉడకేసి, వారాల తరబడి చేసే రంగు. అది నీళ్లలో దిగదు. చచ్చినా దిగదు. మరి దిగిన ఈ ఎరుపు ఏమిటి? 1884లో జర్మనీలో కాంగో రెడ్ అనే రంగు కనిపెట్టారు. దానికి పటిక అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు, నూలుకి నేరుగా అంటుకుంటుంది. చవక. అంత సులువుగానూ వదిలేస్తుంది. అప్పుడు ఆకుపచ్చ కూడా మళ్లీ చూశాను. కొన్ని ముక్కలు పాలిపోయి ఖాకీలా అయ్యాయి. పాతకాలం ఆకుపచ్చ నీలం, పసుపు ఒకదానిమీద ఒకటి వేసి చేసేవారు. అది వెలిస్తే నీలమో పసుపో బయటపడుతుంది. ఖాకీగా వెలిసేది 1870ల తర్వాతి రసాయనం రంగు. అయిపోయింది. ఎరుపూ చెప్పింది, ఆకుపచ్చా చెప్పింది. నా బొంత 1884 తర్వాతదే. లేబుల్ మీద తేదీ తప్పు.

గోధుమరంగు ఇంకోలా మాట్లాడుతుంది. పాత బొంతల్లో పక్కపక్కన ముక్కలన్నీ బాగుంటాయి, ముదురు గోధుమరంగు ముక్క ఒక్కటే పొడిపొడిగా రాలిపోతుంది. పురుగు కాదు, ఎలుక కాదు. ఎందుకు? ఆ పెద్దాయన చెప్పేశారు, ఇనుము! అవునండి. ఇనుపనీళ్లు ఎక్కువైతే కాలం గడిచేకొద్దీ గుడ్డని తినేస్తాయి. 1840ల్లో స్నేహితులంతా సంతకాలు చేసిన బొంతలు అక్కడ పెద్ద మోజు. అంతకుముందు వాడిన ఇనుప సిరా గుడ్డని చిల్లులు పెట్టేది. గుడ్డని తినని సిరా దొరికాక ఆ మోజు పెరిగింది. బాల్టిమోర్‌లో 1846 నుంచి 1852 వరకు కుట్టినవి వాటిలో తలమానికం.

మీ ఊరికీ ఆ బొంతలకీ ఇంకో ముడి ఉంది. 1868లో బెర్లిన్‌లో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు మ్యాడర్ వేరులోని ఎరుపుని వేరు లేకుండా తయారుచేశారు. ఏమిటా రంగు? చెప్పండి. అదే, అలిజరిన్. ఇవాళ మీ కాగులో వేస్తున్నదే. కొద్ది ఏళ్లలో ఫ్రాన్స్‌లో మ్యాడర్ పంట కూలిపోయింది. ఇక్కడ చిరివేరు తవ్వేవాళ్ల పనీ పోయింది. 1870ల తర్వాతి అమెరికా బొంతలో ఎరుపు, చాక్లెట్ ముక్కలు చూస్తే, వాటిలో చాలావాటి రంగుకీ మీ గోరు సందున ఉన్న రంగుకీ పేరు ఒకటే.

చివరగా ఒక మనిషి గురించి చెప్పాలి. హ్యారియట్ పవర్స్. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. అంతర్యుద్ధం తర్వాత స్వేచ్ఛ వచ్చింది. భర్తతో కలిసి చిన్న సేద్యం చేసుకుంది. ఆమె కుట్టిన బొంతలు రెండే మిగిలాయి. మొదటిది 1886లో ఏథెన్స్ అనే ఊళ్లో పత్తి సంతలో ప్రదర్శనకి పెట్టింది. బైబిల్ కథలు 11 చట్రాల్లో. ఆదాము, హవ్వ, పాము, యాకోబు నిచ్చెన. మనుషులు, జంతువులు అన్నీ చీటీగుడ్డ కత్తిరించి కుట్టినవే. మన పటం కథలు ఉన్నాయి చూడండి, పటం విప్పి ఒక్కో గడీ చూపిస్తూ చెబుతారు, అలా.

జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖనం టీచరు అది చూసి కొంటానంది. హ్యారియట్ అమ్మనంది. ఎంతిచ్చినా అమ్మనంది. కొన్నేళ్లకి ఇల్లు గడవడం కష్టమైంది. ఎద్దుబండిలో బొంతని ఒళ్లో పెట్టుకుని, శుభ్రమైన పిండిసంచిలో చుట్టి, దానిమీద ఇంకో గోనెసంచి చుట్టి తెచ్చింది. 10 డాలర్లు అడిగింది. స్మిత్ తన దగ్గర 5 మాత్రమే ఉన్నాయంది. హ్యారియట్ వెళ్లి భర్తతో మాట్లాడి వచ్చి, 5కే ఇచ్చేసింది. ఇచ్చేముందు ఒక్కో చట్రం కథా విప్పి చెప్పింది. స్మిత్ అది రాసుకుంది. ఆ రాత వల్లే ఇవాళ ఆ బొమ్మల అర్థం మనకి తెలుసు. తర్వాత హ్యారియట్ ఆ ఇంటికి చాలాసార్లు వచ్చింది. డబ్బు కోసం కాదు. బొంతని చూసుకుని వెళ్లడానికి.

ఆ మొదటి బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. రెండోది బోస్టన్‌లో. దానిలో 15 చట్రాలు. బైబిల్ కథల మధ్యలో 1833లో ఆకాశం నుంచి ఉల్కలు వానలా రాలిన రాత్రిని కూడా కుట్టింది. అప్పటికి ఆమె పుట్టనే లేదు. పెద్దవాళ్ల నోట విన్నదాన్ని గుడ్డలో పెట్టింది.

నేను చెప్పేది అయింది. ఆ కిటికీ పక్క బల్ల మీద నాలుగు పాత ముక్కలు పెట్టాను. చిరిగిన బొంతల నుంచి వచ్చినవి. టర్కీ ఎరుపు ముక్కని చేత్తో పట్టుకోండి, ఏం కాదు. గోధుమరంగుది మాత్రం ముట్టుకోవద్దు, రాలిపోతుంది. మూడోది 1930ల నాటి పిండిసంచి గుడ్డ. పిండి అయిపోయాక గౌను కుట్టుకుంటారని పువ్వులు వేసి అమ్మిన సంచి అది. నాలుగోది ఊదారంగు. మ్యాడర్‌తో చేసిందే. పటిక లేకుండా ఇనుపనీళ్లు బాగా పల్చగా వాడితే ఆ ఊదా వస్తుందని చదివాను. ఎంత పల్చగానో నాకు అందలేదు. పెద్దవాళ్లు ఎవరైనా ఆ ముక్కని వెలుగులో పట్టుకుని చూసి చెప్పండి. నేను కాగితం, పెన్ను తీసుకుని పక్కన నిలబడతాను.